బ్రోమిన్ వద్దన్న ఎంజైము

ఇంకా పీహెచ్‌డీ పట్టా చేతికి రాలేదు గానీ, ల్యాబ్‌లో ఆరేళ్ళుగా అందరూ ఆమెను డాక్టరమ్మ అనే పిలుస్తున్నారు. వెటకారానికే లెండి. ఇప్పుడా పట్టా ఒక ఎంజైము దయ మీద ఆధారపడింది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆ ఎంజైము ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అణువుకు ఒక క్లోరిన్ పరమాణువును తగిలిస్తుంది. దానిచేత క్లోరిన్ బదులు బ్రోమిన్ తగిలింపజేస్తానని డాక్టరమ్మ ప్రొఫెసర్ గారికి గొప్పగా రాసిచ్చేసింది. శుక్రవారంలోగా చూపించకపోతే పట్టా మరో ఏడాది వెనక్కి పోయినట్టే.

ఎంజైముకు బ్రోమిన్ తప్ప మరొకటి దొరక్కుండా గొట్టంలో బ్రోమైడ్ ఉప్పు మాత్రమే వేసింది. అయినా అణువుల బరువు తూచే యంత్రం గీసిన బొమ్మలో ఒక పెద్ద శిఖరం, పక్కనే దానిలో మూడో వంతు పిల్ల శిఖరం. అది క్లోరిన్ గుర్తు. బ్రోమిన్ అయితే రెండూ సమానంగా నిలబడాలి. మూడుసార్లు చేసినా అదే తంతు. మొండిదని ఎంజైమును తిట్టిపోసింది.

"ఎవరో క్లోరైడ్ తెచ్చి కలుపుతున్నారు," అని తేల్చేసింది. మనం తినే ఉప్పు నిండా అదేనాయె! ల్యాబ్ దరిదాపుల్లో చిప్స్ నిషేధించింది. చెమటలు కక్కే తోటి పరిశోధకుణ్ణి ఫ్యాన్ కింద కూర్చోబెట్టి కదలొద్దంది. గాజు సామాను కడిగే బాబాయ్ చేత రెండు జతల తొడుగులు వేయించింది. ముప్పయ్యేళ్ళ సర్వీసులో తన చేతులను అనుమానించినవాళ్ళు లేరు. ఆయన మనసు చివుక్కుమంది.

గురువారం మధ్యాహ్నం ఆమె నాలుగోసారి ద్రావణం కలుపుతుంటే బాబాయ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్, అలా చూస్తున్నావ్?"

"శుభ్రంగా పనెలా చేయాలో నేర్చుకుందామనమ్మా."

ఆమె మూతి ముడుచుకుని, సీసాలోంచి చుక్క చుక్కగా ఏదో పోసింది.

"అదేంటమ్మాయ్?"

"ఆసిడ్. పీహెచ్ సరిచేయాలిగా. రోజూ పోసేదే, హైడ్రోక్లోరిక్..."

చేయి గాల్లోనే ఆగిపోయింది. గొట్టం గొట్టానికీ క్లోరైడ్ తానే స్వయంగా పోసింది! తల కొట్టేసినట్టయింది.

"పాపం, ఆ ఎంజైమును నోటికొచ్చినట్టు తిట్టావు," అన్నాడు బాబాయ్ తొడుగులు లాగేస్తూ. "నువ్వు పెట్టిందే కదమ్మా అది తిన్నది!"

సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో మళ్ళీ చేసింది. శుక్రవారం పొద్దున రెండు శిఖరాలూ సమానంగా లేచాయి. కాగితం పట్టుకుని ప్రొఫెసర్ గారి గదికి పరుగెత్తింది.

"బాగుంది, అధ్యాయం రాసెయ్. ఇంతకీ ఈ ఫలితం ముందెందుకు రాలేదు?"

ఎంజైము మొండిదండీ అనబోయింది. బాబాయ్ ముఖం గుర్తొచ్చి ఆ అబద్ధం నోట రాలేదు. జరిగింది చెప్పేసింది.

ప్రొఫెసర్ గారు లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చారు.

"అదే ఆసిడ్ నేను ఎనిమిది నెలలు పోశానమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "మా ఆవిడక్కూడా చెప్పలేదు."