మాడిన పాలకు దండం

"పాలు పొంగియ్యి, ఫొటోల నిలవడు. గంతే నీ పని. ఆడికొచ్చి వంకలు పెట్టకు" అన్నాడు సదానందం, భార్య జమున ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ.

బతుకుదెరువుకు వలసొచ్చిన వడోద్‌లో అతను తెలుగు సంఘానికి కార్యదర్శి. సంఘం కట్టించిన ఫంక్షన్ హాలును ఇవాళ కాంట్రాక్టర్ అప్పగిస్తున్నాడు. ఒకసారి తీసుకున్నాక ఆ వంటగది ఎలా ఉంటే అలాగే ఉంటుంది. అందులో పెళ్లిళ్లకూ బోనాలకూ వండాల్సింది ఆడవాళ్లు. ప్లాను గీసిననాడు వాళ్లనూ పిలిచారు, చాయ్ పెట్టడానికి. జమున డిగ్రీ చదివింది గనక చాయ్‌తోపాటు ఒక ప్రశ్న కూడా తెచ్చింది: పొయ్యి ఎంత ఎత్తు? మగవాళ్లు ఖాళీ కప్పులు చేతికిచ్చారు. ఇంటికొచ్చాక జవాబిచ్చింది అత్త ఎల్లవ్వ: "సదువుకున్నదానికి అన్నిట్ల వంకలే."

వంటగది తళతళలాడుతోంది. పొయ్యిగట్టు ఆల్థాన్ వైపు డబ్బున్నవాళ్ల ఫ్లాట్లలోలా నడుమెత్తున ఉంది. అధ్యక్షుడు నరహరి ఒక చేత్తో తాను కొట్టబోయే కొబ్బరికాయ పట్టుకుని, రెండో చేత్తో చిన్న గిన్నె అందించాడు. జమున దాన్ని పక్కన పెట్టింది.

"గింతమందికి చాయ్ గావాలె గదన్నా. పెండ్లిళ్ల బగోనె ఎక్కియ్యుండ్రి."

ఇద్దరు మగవాళ్లు రొప్పుతూ ఎక్కించారు. బగోనె అంచు జమున నెత్తికంటే పైకి పోయింది. లోపల పాలు ఏం చేస్తున్నాయో దేవుడికే తెలియాలి. ఆమె చేతులు కట్టుకుని, ఫొటోకు చక్కగా నిలబడింది.

సదానందం మునివేళ్ల మీద లేచి తొంగిచూశాడు. "పొంగినట్టే ఉన్నయి."

"ఏడ పొంగినయిరా? మాడిన వాసనొస్తంది!" వెనక ఆడవాళ్లలోంచి ఎల్లవ్వ గొంతు. "రేపు పప్పు కలుపాలంటే నిచ్చెన ఎక్కాల్నా మేము? కోడలు ఆనాడే అడిగింది. నేను సుత ఇనలే. ఇంట్ల వంకలు పెట్టెటోళ్లు ఒక్కలన్న ఉండాలె."

జమున కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లుగా ఒంటరిగా మోసిన ఆ వంకలన్నిటికీ ఒక్కసారిగా తోడు దొరికినట్టయింది. అత్త చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. మాడిన పాలకు కూడా మనసులోనే దండం పెట్టుకుంది.

నరహరి గొంతు సవరించుకుని కాంట్రాక్టర్ వైపు తిరిగాడు. "గట్టు మోకాలెత్తుకు దించు భాయ్. అప్పుడే తీసుకుంటం."

జమున అతని చేతిలోని కొబ్బరికాయను మెల్లగా తీసుకుని సంచిలో వేసుకుంది.

"ఇది నా దగ్గరుంటదన్నా. గట్టు దిగిననాడు పాలు మీరు పొంగియ్యుండ్రి. కాయ నేను గొడ్త."