రెండు రింగుల మధ్య పదకొండు మంది

మా అక్క కత్తిరించిన గుడ్డకు ఇరవై రెండేళ్లలో ఎవరూ వంక పెట్టలేదు. ఆ అక్క ఉద్యోగం నా వల్ల పోయింది. ఇంకా పచ్చిగా చెప్పాలంటే, నాకు లెక్క సరిగ్గా రావడం వల్ల పోయింది.

ఆ లెక్క నేర్పింది కూడా ఆమే. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు, తరగతిలో ఇరవై మంది బంతాట ఆడతారు, పదిహేను మంది పాటలు పాడతారు, ఎనిమిది మంది రెండూ చేస్తారు, ఆడేవాళ్లూ పాడేవాళ్లూ కలిపి ఎంతమంది అని అడిగారు. నేను ముప్పై అయిదు అని రాశాను. మాస్టారు సున్నా చుట్టారు. ఇంటికొచ్చి ఏడుస్తుంటే అక్క చూసింది. అప్పటికే ఆమె దుస్తుల ఫ్యాక్టరీలో గుడ్డలు కత్తిరించే పనిలో చేరింది. చదువు తొమ్మిదో తరగతిలో ఆగింది గానీ బుర్ర ఆగలేదు. గుడ్డను బిగించి పువ్వులు కుట్టడానికి వాడే చెక్క రింగులు రెండు తెచ్చి, ఒకదాని మీదికి ఇంకొకటి కాస్త ఎక్కేలా నేల మీద పెట్టింది. డబ్బాలోంచి బొత్తాలు తీసి వాటిలో పరిచింది.

"మధ్యలో పడ్డ ఈ ఎనిమిదీ చూడు. ఈ రింగులోనూ ఉన్నాయి, ఆ రింగులోనూ ఉన్నాయి. వీటిని రెండుసార్లు లెక్కపెట్టావురా మొద్దూ. ఒకసారి తీసెయ్."

ఇరవై ఏడు వచ్చింది. తర్వాత సుద్దతో రింగుల చుట్టూ ఒక పెద్ద గడి గీసింది. "ఇది మీ తరగతి మొత్తం. ఆడనివాళ్లు, పాడనివాళ్లు కూడా ఈ గడిలోనే ఉంటారు. వాళ్లని మర్చిపోకు," అంది.

ఆ తర్వాత లెక్కల్లో నేను వెనక్కి తిరిగి చూడలేదు. డిగ్రీ అయ్యాక అదే ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తానయ్యాను. కింది అంతస్తులో నూట ఎనభై మంది కత్తిరిస్తారు, కుడతారు, ఇస్త్రీ చేస్తారు. అక్కడ మా అక్కని అందరూ కత్తెరక్క అంటారు. పై అంతస్తులో మేం ఎనిమిది మందిమి కుర్చీల్లో కూర్చుంటాం. నన్ను లెక్కల బాబు అంటారు. ఆ పేరు వింటే నాకు లోపల్లోపల భలే పొంగు వచ్చేది. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే ఒళ్లు మండుతుంది.

ఈ ఏడాది ఆర్డర్లు పడిపోయాయి. మనుషుల్ని తగ్గించమని యజమానుల దగ్గర్నుంచి కబురొచ్చింది. మేనేజరు రెండు జాబితాలు వేయించాడు. సెలవులు ఎక్కువ పెట్టినవాళ్లు ఇరవై ఏడు మంది. కుట్టులో తప్పులు ఎక్కువ వచ్చినవాళ్లు ఇరవై రెండు మంది. రెండూ కూడి, నలభై తొమ్మిది మందిని తీసేస్తున్నాం అని యజమానులకు రాసేశాడు. టైపిస్టు రెండు జాబితాలూ ముందు పెట్టుకుని నలభై తొమ్మిది ఉత్తరాలు కొట్టింది. అక్క పేరు దేంట్లోనూ లేదు. నేను ముందే చూసుకున్నాను. ఎవరూ చూడకుండా గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఉత్తరాల్ని కవర్లలో పెట్టే పని నాది. ముప్పై కవర్లు దాటేసరికి ఒక పేరు రెండోసారి తగిలింది. మళ్లీ ఇంకొకటి. లెక్క చూస్తే పదకొండు మంది రెండు జాబితాల్లోనూ ఉన్నారు. అంటే పోయేది ముప్పై ఎనిమిది మందే. నేను ఆ పదకొండు కవర్లూ అంటించి ఊరుకుంటే ఏమయ్యేది? పదకొండు మందికి రెండేసి ఉత్తరాలు అందేవి. ఒకదాన్ని చించి పారేసేవాళ్లు. ఉద్యోగం పోయినవాడు ఉత్తరాలు ఎన్ని వచ్చాయని గోల చేస్తాడా?

కానీ నా నోరు ఊరుకోలేదు. తెల్లకాగితం తీసి రెండు వలయాలు గీశాను. ఒక పక్క పదహారు, ఇంకో పక్క పదకొండు, మధ్యలో పదకొండు. చుట్టూ గడి గీసి మూలన నూట ఎనభై అని అందంగా రాశాను. మెచ్చుకుంటాడని పరుగున పట్టుకెళ్లాను.

మేనేజరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే పదకొండు తక్కువా?"

"అవును సార్. మధ్యలో ఉన్నవాళ్లని రెండుసార్లు కలిపేశారు."

"నలభై తొమ్మిది అని పైకి రాసేశాను కదయ్యా."

"ముప్పై ఎనిమిదే అని మళ్లీ రాద్దాం సార్."

"రాసి? నాకు కూడికలు రావని నేనే ఒప్పుకోవాలా?" కాగితాన్ని నా చేతిలో పెట్టాడు. "ఇంకో వలయం గియ్యి. నలభై అయిదేళ్లు దాటినవాళ్లు. అందులోంచి పదకొండు మందిని చూడు."

అక్కకు నలభై ఎనిమిది.

మూడో వలయం గీశాను. వయసు దాటినవాళ్లు నలభై మంది, అందులో ఏడుగురు ముందే రెండు వలయాల్లో ఇరుక్కున్నారు. మిగిలింది ముప్పై మూడు. "నాకెవరి మీదా పగ లేదు, చీట్లు వేద్దాం," అన్నాడు మేనేజరు. దాన్ని న్యాయం అనుకున్నాడు మహానుభావుడు. పేర్లు నా చేతే రాయించి ఒక డబ్బాలో వేయించాడు. అక్క చీటీని వేళ్ల మధ్య దాచాను. "ముప్పై మూడేనా?" అంటూ అతను డబ్బాలోవి లెక్కపెట్టబోయాడు. చీటీని అందులోకి జారవిడిచాను. ముప్పై మూడింట్లో పదకొండు, అంటే మూడింట ఒక వంతే కదా, రెండు వంతులు మనవైపే ఉన్నాయి అని నాకు నేను చెప్పుకున్నాను.

"నువ్వే తియ్యి, లెక్క తెలిసినవాడివి," అన్నాడు.

తీశాను. మొదటిది బొత్తాలు కుట్టే మామ్మది. రెండోది ఇస్త్రీ చేసే మూగాయనది. ఇది సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్కో పేరు చదువుతుంటే నాకు సంతోషం కలిగింది. ఏడు చీట్లయ్యాక డబ్బాలో ఇరవై ఆరున్నాయి, తీయాల్సినవి నాలుగు. ఆరింట ఒక వంతు కూడా లేదు. తొమ్మిదయ్యాక ఇరవై నాలుగులో రెండు, పన్నెండింట ఒకటి. దాదాపు నవ్వు వచ్చేసింది. పదో చీటీ విప్పితే నా చేతిరాతలోనే అక్క పేరు కనిపించింది.

పదకొండోది ఎవరిదో నాకు గుర్తులేదు.

మర్నాడు ఉత్తరాలు పంచారు. సాయంత్రం అక్క తన కత్తెరని గుడ్డలో చుట్టుకుని ఇంటికొచ్చింది. కాళ్లు కడుక్కుని కూర్చుని, "సెలవులు పెట్టలేదు, తప్పులు చేయలేదు. ఎలా పడ్డానురా నేను?" అని అడిగింది. ఆమెతో అబద్ధం చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. మొత్తం చెప్పేశాను.

అక్క లేచి బొత్తాల డబ్బా తెచ్చింది. దాంతోపాటు ఆ పాత చెక్క రింగులు కూడా. ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి బొత్తాలు పేర్చింది, మధ్యలో పదకొండు. డబ్బా మూతని మూడో రింగులా పక్కన చేర్చింది.

"నువ్వు ఊరుకునుంటే వీళ్లకి రెండేసి కాగితాలు వచ్చేవి. అంతేనా?"

"అంతే అక్కా."

"మామ్మకి గానీ, మూగాయనకి గానీ, నాకు గానీ రావు."

"రావు."

తిట్టలేదు. చెంప మీద ఒక్కటి ఇచ్చినా నాకు బాగుండేది.

"లెక్క మాత్రం తప్పు లేకుండా చేశావు," అంది.

సుద్దముక్క తీసుకుని అన్నిటి చుట్టూ గడి గీసింది. ఎప్పటిలాగే ఒక్క గీతలో, వంకర లేకుండా. ఒక నల్ల బొత్తాన్ని డబ్బా మూతలో పెట్టి, "ఇది నేను," అంది. ఇంకో బొత్తాం నా చేతిలో పెట్టింది. "ఇది నువ్వు. నీ చోటు చూపించు."

రింగుల్లో వెతికాను. రింగుల బయట, గడి లోపల వెతికాను. అక్కడ ఉన్నవాళ్లు రేపు పొద్దున్నే మిషన్ల ముందు కూర్చుని, ఈసారి తమ పేరు తప్పిపోయిందని ఊపిరి పీల్చుకునేవాళ్లు. ఆ నూట ఎనభైలో మా పై అంతస్తు ఎనిమిది మందినీ ఎవరూ కలపలేదు. నేను కూడా కలపలేదు.

"నేను గడిలోనే లేనక్కా," అన్నాను.