ఒక్క లాగుకి ఊడే ముడి

మా ఆయనకు వస్తువు కనబడితే చాలు, కట్టేయాలి. ఇళ్ళు మారేవాళ్ళ సామాను కట్టిపెట్టే కంపెనీలో పదకొండేళ్ళుగా అదే పని. అక్కడ అందరూ ఆయన్ని ముడుల మేస్త్రి అంటారు. ఆయన కట్టిన అద్దాల బీరువా లారీలో మూడు రోజులు ఊగినా ఒక్క గీత పడకుండా దిగుతుంది. కాదనను. కానీ ఆ విద్య ఇంట్లో కూడా చూపిస్తానంటే కాపురం చేసేదెలా? ఒకసారి పాప గిలక్కాయను బుడగల కవరులో చుట్టి, టేపు వేసి అల్మరాలో పెట్టాడు. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే దాన్ని విప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

పెద్దాసుపత్రి ల్యాబులో ఉద్యోగం కోసం నేను ఆరేళ్ళు ఎదురుచూశాను. మూడుసార్లు పరీక్ష రాశాను. రెండుసార్లు జాబితా దాకా వచ్చి చెయ్యిజారిపోయింది. మూడోసారి వచ్చింది, అదీ వేరే నగరంలో. సోమవారం సాయంత్రం నాలుగింటి లోపల స్వయంగా వచ్చి సంతకం పెట్టకపోతే ఆ ఉద్యోగం జాబితాలో నా తరవాతి పేరుకు పోతుందని ఉత్తరంలోనే రాశారు. ఆ ఉత్తరం నాకు చేరిందే శుక్రవారం. శని, ఆదివారాలు టికెట్లు లేవు. సోమవారం పదకొండు గంటల విమానంలో ఒక్క సీటు దొరికింది. పాప ఒళ్ళోనే కూర్చుంటుంది కాబట్టి సరిపోయింది.

ఆ ఊళ్ళో మా పిన్ని ఉంది. పగలు పాపను చూసుకుంటానంది. ఇక మిగిలింది ఈయన.

"ఇన్నాళ్ళకి వచ్చింది, వెళ్ళు," అన్నాడు ఉత్తరం చూసి.

"మరి మీరు?"

"చూద్దాం."

పెళ్ళయిన ఐదేళ్ళలో ఆ 'చూద్దాం' అవునో కాదో నాకు అంతుపట్టలేదు. వాళ్ళ కంపెనీకి అక్కడ కూడా ఓ గోదాము ఉంది. అడిగితే బదిలీ ఇస్తారు. అడగడానికి నోరు పెగలాలి కదా. సరే, ఉద్యోగంలో చేరాక ఆ సంగతి తేల్చుకుందాం అనుకున్నాను.

ఆదివారమంతా సర్దడమే సరిపోయింది. కారు సీటు, మడత మంచం, సీసాలు మరిగించే డబ్బా, పాలపొడి, డైపర్లు, దుప్పట్లు, బట్టలు, స్నానం తొట్టి, స్ట్రోలర్ బండి. తొమ్మిది నెలల మనిషికి తొమ్మిది శాల్తీలు. ఆ మనిషి బరువు ఎనిమిది కిలోలు, ఆవిడ సామాను బరువు ముప్పై ఎనిమిది. అన్నీ ఆయన్నే కట్టమన్నాను, ఒక్క స్ట్రోలర్ తప్ప. విమానం కంపెనీకి ఫోన్ చేసి మరీ కనుక్కున్నాను. పాపను అందులో కూర్చోబెట్టుకుని విమానం తలుపు దాకా తోసుకుపోవచ్చు. అక్కడ మడిచి ఇస్తే వాళ్ళే కింద సామాన్లలో వేసి, దిగాక ఇస్తారు. ఆ సంగతి ఆయనకు మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తల ఊపాడు.

సోమవారం పొద్దున నేను లోపల పాపకు పాలిస్తుంటే ఆయన సామానంతా టాక్సీలో పెట్టేశాడు. ఎయిర్‌పోర్టులో డిక్కీ తెరిచాక చూశాను. మనిషంత పొడుగున్న మూట ఒకటి, తెల్లగా, నిగనిగలాడుతూ.

"ఇదేంటండీ?"

"బండి."

"ఏ బండి?"

"పాప బండి. నాలుగు పొరలు వేశాను."

"కట్టొద్దని చెప్పానా?"

"చెప్పావు. ఇక్కడ సామాను ఎలా విసిరేస్తారో నీకు తెలీదు. కంపెనీలో చేరకముందు రెండేళ్ళు విసిరింది నేనే."

చెవిటివాడి ముందు శంఖం ఊదినా కనీసం వాడికి శంఖం కనబడుతుంది. పాపను చంకలో వేసుకుని, పళ్ళు కొరుక్కుంటూ లోపలికి నడిచాను. ఆయన తొమ్మిది శాల్తీలనూ ట్రాలీ మీద ఒకదాని మీద ఒకటి ఎంత అందంగా పేర్చాడంటే, దారినపోయే వాళ్ళు ఆగి చూశారు. నా ఒళ్ళు ఇంకా మండింది.

లోపలికి వచ్చే పాసు కొనుక్కుంటే టికెట్ లేనివాళ్ళు కౌంటర్ల దాకా రావచ్చు, ఆ తరవాత పసుపు గీత దాటకూడదు. మా వంతు వచ్చేసరికి తొమ్మిదీ నలభై. కౌంటర్‌లో ఉన్న కళ్ళజోడు అమ్మాయి నా టికెట్ చూసి, పాపను చూసి నవ్వింది.

"ఒళ్ళో కూర్చునే పాప కదండీ. వయసు తెలిసే కాగితం చూపించండి."

భుజాన ఉన్న బ్యాగు తెరిచాను. ఆకుపచ్చ ఫైలు అందులోనే ఉండాలి. పాప పుట్టిన సర్టిఫికెట్టు, నా ఉద్యోగం ఉత్తరం, రెండూ దాంట్లోనే. రాత్రి నా చేత్తో నేనే పెట్టాను. బ్యాగంతా వెతికాను. ఫైలు లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏమండీ, ఫైలేదీ?"

ఆయన తెల్ల మూట వైపు చూశాడు.

"మధ్యలో," అన్నాడు.

"ఏ మధ్యలో?"

"ముఖ్యమైన కాగితాలు ఎప్పుడూ మధ్యలోనే పెడతాం. చేతి బ్యాగులు ఎవడైనా కొట్టేస్తాడు. బండి అడుగున బుట్ట ఉంది కదా, అందులో పెట్టి మడిచాను."

"ఫోన్‌లో ఫొటో ఉన్నా ఫరవాలేదండీ," అంది కళ్ళజోడు అమ్మాయి జాలిగా.

ఫొటో తీసిన ఫోను పోయిన నెల ఈవిడగారే నీళ్ళ బకెట్టులో వేసింది. ఆ మాటే చెప్పాను. చంకలో ఉన్న ఈవిడగారు కళ్ళజోడు లాక్కోవడానికి చెయ్యి చాచింది.

"పది పదిహేనుకి కౌంటర్ మూసేస్తామండీ," అంది ఆ అమ్మాయి వెనక్కి జరిగి.

మూటను పక్కకు లాగి నేల మీద పడుకోబెట్టాం, పాపను దాని పక్కనే కూర్చోబెట్టాను.

"కత్తి తియ్యండి," అన్నాను. ఆయన జేబులో ఎప్పుడూ ఓ చిన్న కత్తి ఉంటుంది. పెళ్ళిపీటల మీద కూడా ఉంది.

"ఇంట్లో పెట్టి వచ్చాను. ఎయిర్‌పోర్టులో రానివ్వరని నువ్వే చెప్పావుగా."

నేను చెప్పిన వంద మాటల్లో ఆయన చెవికెక్కింది అదొక్కటే. కళ్ళజోడు అమ్మాయి సొరుగులో కత్తెర వెతికింది. లేదు. పక్క కౌంటర్‌లోనూ లేదు.

మొదటిది పల్చటి ప్లాస్టిక్ పొర. కొస దొరకడానికే అయిదు నిమిషాలు పట్టింది. తరవాత అట్ట, దాని అంచులన్నిటికీ టేపు. నేను గోళ్ళతో, ఆయన పళ్ళతో. తరవాత బుడగల కవరు రెండు చుట్లు. అది ఊడదీసి, ఆ మనిషి ఏం చేశాడో తెలుసా? నేల మీద పరిచి, అంచుకు అంచు కలిపి మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నారు?"

"మళ్ళీ పనికొస్తుంది."

"నా ఉద్యోగం పనికిరాదా?"

మడత ఆగింది. పాప మాత్రం ఆ కవరు కొస ఒకటి దొరకబుచ్చుకుని బుడగలు నొక్కుతూ కేరింతలు కొడుతోంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. మా వెనకాయన వంగి చూసి, "ఎవరు కట్టారోగానీ గట్టిగా కట్టారు," అన్నాడు. నేను చూసిన చూపుకి మళ్ళీ నోరెత్తలేదు.

చివరికి బండి బయటపడింది. మడిచిన బండి తెరుచుకోకుండా తాడు, ఆ తాడుకి మూడు ముడులు. బుట్ట ఆ మడత లోపల ఇరుక్కుని ఉంది, వేలు కూడా దూరదు. అయినా నా ప్రాణం కాస్త కుదుటపడింది. మా ఆయన ముడుల సంగతి నాకు తెలుసు. కొస పట్టి ఒక్క లాగు లాగితే పూలదండలా జారిపోతాయి. కట్టేవాడు విప్పేవాడి గురించి ఆలోచించాలి అన్నది ఆయనకు వేదం. కొత్తగా చేరిన వాళ్ళకు ఆయన నేర్పే మొదటి పాఠం అదే.

కొస పట్టి లాగాను. రాలేదు. ఇంకోటి లాగాను. అదీ రాలేదు. వంగి చూశాను. మూడూ పీటముడులే.

"ఇవి మీ ముడులు కావు," అన్నాను.

"చెయ్యి అలా వెళ్ళింది."

"పదకొండేళ్ళలో ఎప్పుడూ వెళ్ళలేదే."

తల ఎత్తలేదు. గోళ్ళతో ముడిని గిల్లుతూనే చెప్పాడు. "పొద్దున నువ్వు లోపల పాలిస్తున్నావు. పాప నీతో ఏదో కబుర్లు చెప్తోంది. నేను కడుతున్నాను. ఇది అక్కడ విప్పేటప్పుడు నేను ఉండను కదా అనిపించింది. అప్పుడు పడ్డాయి."

కోపంతో పాటు ఏడుపు కూడా తన్నుకొచ్చింది. అరవడం నాకు బాగా అలవాటు కాబట్టి అరిచాను.

"ఈ మాట చెప్పడానికి మీకు ఈ కౌంటరే దొరికిందా? మూడు రోజులు ఇంట్లో ఎదురెదురుగా కూర్చున్నాం కదా, అప్పుడు నోరు పడిపోయిందా?"

"టైమెంత?" అన్నాడు.

"పదీ అయిదు."

ఆయన జేబులోంచి ఇంటి తాళంచెవి తీశాడు. దాని మొన ముడి మధ్యలో గుచ్చి, పళ్ళు బిగబట్టి, అటూ ఇటూ తిప్పాడు. మొదటి ముడి వదులైంది. రెండోది ఇంకా మొండికేసింది. మూడోదానికి తాళంచెవి వంగిపోయింది, మోకాలు అడ్డం పెట్టి మళ్ళీ గుచ్చాడు. బొటనవేలి గోరు దగ్గర నెత్తురు కనబడింది. మమ్మల్ని కట్టిపడేయాలని వేసిన ముడులు, మమ్మల్ని పంపించడానికి తనే విప్పుకుంటున్నాడు.

పదీ పదమూడుకి ఫైలు కళ్ళజోడు అమ్మాయి చేతిలో ఉంది.

ఆ తరవాత అంతా హడావిడి. శాల్తీలు లోపలికి వెళ్ళాయి. ఆయన బండి తెరిచి, పాపను కూర్చోబెట్టి, బెల్టు పెట్టాడు. తాడు చుట్టచుట్టి జేబులో వేసుకున్నాడు. బుడగల కవరు మడత పూర్తిచేసి చంకన పెట్టుకున్నాడు. పసుపు గీత దగ్గర నిలబడ్డాడు.

"ఆ గోదాము వాళ్ళని అడుగుతారా?" అన్నాను.

"చూద్దాం," అన్నాడు.

వెనక్కి తిరిగి చూడకుండా నడిచాను. చూస్తే మళ్ళీ అరుస్తానని భయం.

విమానం తలుపు దగ్గర బండి మడిచి ఇచ్చాను. నున్నగా, బుద్ధిగా మడతపడింది. దిగాక తిరిగి ఇచ్చారు. ముందు చక్రం ఒకటి విరిగి వేలాడుతోంది. ఎలా విసిరేస్తారో నీకు తెలీదు అన్న మాట చెవిలో గింగురుమంది. ఈ సంగతి ఆయనకు చచ్చినా చెప్పకూడదని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

తక్కిన సామాను పిన్నింట్లో పడేసి, పాప పిన్నిని చూసి గుక్కపట్టడంతో, కుంటి బండి ఈడ్చుకుంటూ పాపతో ఆసుపత్రికి పరుగెత్తాను. మూడూ ఇరవైకి గుమాస్తా చూపించిన గడిలో సంతకం పెట్టాను. ఆరేళ్ళ ఎదురుచూపు అయిదు సెకన్లలో అయిపోయింది. బయట బెంచీ మీద కూర్చుని ఆయనకు ఫోన్ చేశాను. మొదటి మోతకే ఎత్తాడు.

"పెట్టావా?"

"పెట్టాను."

ఊపిరి వదలడం వినబడింది. "పాప?"

"నిద్రపోయింది."

"బండి?"

"బాగానే ఉంది." మాట మార్చాను. "ఏంటా చప్పుడు? టప్పు టప్పుమని?"

"బుడగలు నొక్కుతున్నాను. మెట్ల మీద కూర్చుని."

"ఏ మెట్ల మీద?"

"మన ఇంటివే. తాళంచెవి వంకరపోయింది కదా, తాళంలో దూరడం లేదు."

"ఎప్పటినుంచి కూర్చున్నారు?"

"పదకొండున్నర నుంచి."

"నాలుగు గంటలా! ఫోన్ చేయొచ్చు కదా?"

"నువ్వు సంతకం పెట్టేదాకా ఇంకో గోల ఎందుకని."

ఈ మనిషిని ఏమనాలి? తాళాలు తీసేవాడి దుకాణం మా వీధి మొగలోనే ఉంది. పిలిస్తే పది నిమిషాల పని. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"రెండో తాళంచెవి నా బ్యాగులో ఉంది," అన్నాను.

బుడగల చప్పుడు ఆగిపోయింది. 'చూద్దాం' అంటాడని నేను పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

"సాయంత్రం బస్సుకి వచ్చి తీసుకోనా?" అన్నాడు. "రేపు పొద్దున ఆ గోదాముకి కూడా వెళ్ళి అడుగుతాను."

బ్యాగులో చెయ్యి పెట్టి తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

"రండి. కానీ ఏమీ కట్టకండి. ఉత్త చేతులతో రండి."

"కట్టడానికేముంది, సామానంతా లోపలే ఉంది. బుడగలన్నీ నొక్కేశాను, ఇక మిగిలింది ఈ తాడొక్కటే."

బండి వైపు చూశాను. పాప ఓ పక్కకు ఒరిగి నిద్రపోతోంది.

"అయితే అది తెండి," అన్నాను. "చక్రం విరిగింది."