రెండో తాళంచెవి

నేను ఒక ఇత్తడి తాళంకప్పను. అనుమానం నా కులవృత్తి. మనుషులు ఒకరినొకరు నమ్ముకునే రకమే అయితే, అలీగఢ్‌లో నన్ను పోతపోసిన ముసలాయన పస్తులుండేవాడు.

మొదట కాకినాడలో కోటిలింగం గారి కిరాణా కొట్టుకు కాపలా కాశాను. ఆయన నన్ను వేసి మూడుసార్లు లాగి చూసేవాడు. వీధి మలుపు దాకా వెళ్ళి, తిరిగొచ్చి నాలుగోసారి లాగేవాడు. కొట్టు మూతపడ్డాక ఆయన కోడలు సుభాషిణి చేతికి వచ్చాను.

ఆ ఏడు వాళ్ళింటికి జర్మనీ నుంచి మార్తా వచ్చింది. విద్యార్థుల్ని దేశాలు మార్చి చదివించే ఒక సంస్థ పంపిన పదహారేళ్ళ పిల్ల. సంవత్సరంపాటు వాళ్ళ మనిషిగా ఉండి ఇక్కడి బడిలో చదువుకోవాలి. వచ్చిన నాలుగో రోజున తన అలమరకు తాళం కావాలంది. సుభాషిణి నవ్వుతూనే నన్నిచ్చింది. రెండో తాళంచెవి మాత్రం పోపులపెట్టెలో అట్టేపెట్టుకుంది. ఇచ్చింది తనే, నొచ్చుకుందీ తనే. కడుపులో పెట్టుకు చూస్తుంటే ఈ పిల్ల దాచుకునేదేమిటని భర్త నాగభూషణం ప్రాణం తీసింది.

ఇక చూడండి. భోజనం కాగానే మార్తా చేతిరుమాలు గుప్పిట్లో పట్టుకుని గదిలోకి వెళ్ళేది. నన్ను తీసేది, గబుక్కున వేసేది. సిగరెట్లేమో అన్నాడు నాగభూషణం. అంతకంటే పాడు వస్తువేమో అనుకుంది సుభాషిణి, పైకి అనలేదు. లోపలేముందో నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరేదీ?

రెండు నెలలు తిరిగేసరికి గడప కింద నుంచి అలమర దాకా చీమల బారు కట్టింది.

"రేపు ఆ సంస్థవాళ్ళకి ఫోన్ చేసి, పిల్లని వేరే ఇంటికి మార్చెయ్యమంటానండీ. నాకు భయంగా ఉంది" అంది సుభాషిణి.

ఫోన్ చేసే ముందు ఒకసారి చూడాలనుకుంది. మర్నాడు మధ్యాహ్నం, ఆవాలు అంటుకున్న తాళంచెవితో వచ్చింది. తెరుచుకోకూడదనే అనుకున్నాను. కానీ నా చెవి దూరాక మాట వినక తప్పదు.

లోపల కాగితాల్లో చుట్టిన గారెలు, కాజాలు, సున్నుండలు. కొన్ని బూజు పట్టాయి. తలుపు లోపలివైపు ఒక ఫోటో అంటించి ఉంది. అందులో సుభాషిణి ఆ పిల్ల జడలో మల్లెపూలు తురుముతోంది.

అప్పుడే బడి నుంచి వచ్చిన మార్తా గుమ్మంలో నిలబడిపోయింది. వచ్చీరాని తెలుగులో మెల్లగా చెప్పింది.

"వద్దు అంటే మీరు ఇంకా రెండు వేస్తారు, ఆంటీ. మా ఇంట్లో ప్లేటులో వదిలితే తప్పు. పారెయ్యడానికి మనసు రాలేదు. మీరు చేశారు కదా."

సుభాషిణి నేల మీద కూలబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఎవరి 'వద్దు'నూ నమ్మలేదు. వద్దంటే మొహమాటమనే ఆవిడ లెక్క. వాళ్ళమ్మ లెక్కా అదే.

"నిజంగానే వద్దనేదానివా తల్లీ? నేను నిన్ను దొంగలా చూశానే" అని కళ్ళు తుడుచుకుంది. రెండో తాళంచెవి మార్తా చేతిలో పెట్టింది. ఆ పిల్ల రెండు చెవులనూ, నన్నూ ఆవిడకే తిరిగిచ్చేసింది. అప్పటినుంచీ నేను వంటింటి మేకుకు నోరు తెరుచుకుని వేలాడుతున్నాను. ఫోన్ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మార్తా వెళ్ళిపోయే రోజున గారెలు వండారు. రెండు తిన్నాక "చాలు" అంది. గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఆ ఇంట్లో అలా ఆగడం నేనెప్పుడూ చూడలేదు. సుభాషిణి గరిటె వెనక్కి తీసుకుంటుంటే మార్తా ప్లేటు ముందుకు జరిపింది.

"ఇంకొకటి వెయ్యండి."

ఆవిడ వేసింది. అనుమానపడలేదు. నాకు మాత్రం పుట్టుకతో వచ్చిన బుద్ధి పోలేదు. వెళ్ళేముందు ఆ పిల్లకు సుభాషిణి దగ్గర మొహమాటమేమోనని, పక్కనున్న చేతిరుమాలు వంక చూశాను.

మడత విప్పకుండా అలాగే ఉంది.