మామయ్య పేరు రాయని ఫైలు

గిద్దలూరులో మా విత్తనాల దుకాణం మీది గదిలో నేనూ, మా తోటికోడలు పద్మలతక్కా కంప్యూటర్ పెట్టుకున్నాం. దుకాణానికి ప్రోగ్రామ్ రాస్తామంటే మామయ్య ఇచ్చిన గది అది. ఈ పొద్దున ఆయన మాట తిప్పారు.

"సాయంత్రానికి అది నడవకపోతే ఒంగోలు నుంచి రెడీమేడ్‌ది తెస్తా. గది గోడౌన్ చేస్తా."

అంటే మేమిద్దరం మళ్లీ వంటింట్లోకే.

మేం రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చాల్సిన కంపైలర్, తప్పుంటే ఫలానా లైను అని చెప్పాలి. ఇది నోరు విప్పకుండా చచ్చిపోతోంది. నాకు ఒళ్లు మండింది. ఇంకోపక్క హమాలీ అంకన్న కంది బస్తాలు తెచ్చి అప్పుడే పేరుస్తున్నాడు. కిటికీ సగం మూసుకుపోయింది. ఊపిరాడలేదు.

సగం ఫైళ్లు తీసేసి చూశాను. చచ్చింది. మిగిలినవాటిలో మళ్లీ సగం తీశాను. చివరికి అక్క రాసిన ఒక్క ఫైలు పక్కన పెడితే బతికింది.

లెక్కల భాగానికి మా ఆయన పెట్టిన పేరు రాఘవయ్య. దుకాణం బోర్డు మీద ఉన్న మామయ్య పేరే. అక్క ఆ భాగాన్ని తన ఫైలులోకి తీసుకుని, కొటేషన్ల మధ్య "మామయ్య గారు" అని పేరు మార్చి, మిగతా ఫైళ్లకు అందించింది. అట్లా రాయొచ్చు, ప్రోగ్రామ్ భాష నియమాలు ఒప్పుకుంటాయి. ఈ కంపైలర్‌కే మింగుడుపడలేదు.

"ఏందక్కా ఇది?"

"మామయ్య పేరు ఎట్ల రాయమంటావు? నేను టైపు చేయకుండా ఒక్కసారి కాపీ చేసి అంటించినా. ఆ తర్వాత అంతా మామయ్య గారు అనే."

నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నేనే దిద్దబోతే అక్క చెయ్యి పట్టుకుంది.

"నా ఫైలు. నేనే రాస్తా."

కొటేషన్లు తీసేసి, అసలు పేరును ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కింది. ఈసారి ప్రోగ్రామ్ లేచింది.

అప్పుడే మామయ్య గుమ్మంలోకి వచ్చారు. వెనక బస్తాతో అంకన్న.

"ఎవురిది తప్పు?"

"కంపైలర్‌ది మామయ్యా" అన్నాను.

"యంత్రం మీదికి తోయొద్దు. ఏం మార్చినారో చెప్పండి. రేపు మళ్ల ఆగిపోతే నాకు తెలియాల."

అక్క లేచి నిలబడింది.

"మీ పేరు రాసినా మామయ్యా. రాఘవయ్య అని."

ఆ ఇంట్లో కోడలి నోట ఆ పేరు రావడం అదే మొదలు. మామయ్య తెర మీదికి వంగి ఆ పేరు చదువుకున్నారు.

"యాడ పెట్టాల సామీ?" అన్నాడు అంకన్న.

"అది కిందికి తీసుకపో. పెట్టినవి ఉండనీ" అన్నారు మామయ్య.

మాకు సగం కిటికీ మిగిలింది. అక్క కుర్చీని ఆ సగం వైపు జరుపుకుని కూర్చుంది.