ముప్పై రెండో పేరు

"ఇంకో విడత టీ పెట్టిపో. బడి యాడికీ పోదులే," అన్నాడు మక్బూల్. దాచేపల్లిలో లారీల మెకానిక్కు అతను. పొద్దున్నే చెప్పాపెట్టకుండా అతని పెదనాన్న కుటుంబం దిగింది. అతని భార్య షంషాద్ అప్పటికే తొమ్మిదిమందికి ఉప్మా చేసింది, అత్తగారికి మాత్రలిచ్చింది, సిమెంటు దుమ్ము పడ్డ వరండా రెండోసారి తుడిచింది. పంతులమ్మ ఉద్యోగమంటే కుర్చీలో కూర్చోవడమేనని ఆ ఇంట్లో అందరి నమ్మకం. షంషాద్ మళ్లీ స్టవ్ వెలిగించింది. ఆ టీ నలభై నిమిషాలు మింగేసింది.

ఆటో ఎక్కి, తొందరగా పోనీయమంది. ఇవాళ ఆలస్యం కాకూడని రోజు. ఆమె ఐదో తరగతిలో ముప్పై ఒక్కమందికీ తలా ఒక పని ఉంది. గోడ మీది చార్టులో పేరు, పక్కన పని. ఎవరైనా రాకపోతే వాళ్ల పని ఇంకొకరు అందుకోవాలి, సాయంత్రం ఇద్దరు వాళ్లింటికెళ్లి ఎందుకు రాలేదో కనుక్కోవాలి. ఊడ్చే వంతు మగపిల్లలకూ వస్తుంది. అక్కడే వచ్చింది తంటా. ఉదయ్ చీపురు పట్టాడని వాళ్ల నాన్న బడికొచ్చి గోల చేశాడు. "సోమవారం మీ తరగతి చూస్తానమ్మా. గందరగోళంగా ఉంటే ఆ చార్టు తీసేద్దాం," అన్నారు హెడ్మాస్టరు జానకిరామయ్య. ఆ సోమవారం ఇదే.

ఆమె వెళ్లేసరికి ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. మాట్లాడొద్దని సైగ చేశారు. లోపల అల్లరి లేదు. ఉదయ్ వంగి బెంచీల కింద మూలమూలా ఊడుస్తున్నాడు. బిందు బోర్డు దగ్గర భిన్నాలు చెబుతోంది, తప్పు చెప్పినవాణ్ని కసరకుండా మళ్లీ అడుగుతోంది. జూన్ నుంచీ నోరు విప్పని ఫాయిజా లేచి, లెక్క గట్టిగా చదివి వినిపిస్తోంది. చార్టు అడుగున వంకర అక్షరాలతో కొత్త పేరు: షంషాద్ టీచర్. పక్కన పని: పాఠం చెప్పడం. ఇవాళ రాలేదు. బదులు బిందు.

"చార్టు ఉండనీయండమ్మా," అని ఆయన వెళ్లిపోయారు.

షంషాద్ గుమ్మంలోనే ఆగిపోయింది. పదకొండేళ్ల కాపురంలో, డెంగీతో మంచం పట్టిన వారంలో కూడా, సింకులో గిన్నెలు ఆమె కోసమే ఉండిపోయాయి. వంట ఆగిందన్నారే గానీ మనిషి పడిపోయిందని ఎవరూ అనలేదు. ఈ పదేళ్ల పిల్లలు ఆమె లేదని రాసుకుని, ఆమె పని పంచుకున్నారు. ఇంతటి పని తన చేతుల మీదుగా జరిగిందా అని ఆమెకే నమ్మకం కలగలేదు.

"టీచర్, సాయంత్రం మీ ఇంటికి వద్దామనుకున్నాం," అంది బిందు. "జొరమొచ్చిందేమోనని."

"లేదమ్మా. ఇంట్లో పని."

"ఇంట్లో మీరు లేనప్పుడు మీ పని ఎవురు అందుకుంటారు టీచర్?" అడిగాడు ఉదయ్, చీపురు చేతిలోనే ఉంచుకుని.

"ఎవరూ లేరు నాన్నా."

"అదేంది," అన్నాడు వాడు నిజంగా ఆశ్చర్యపోయి.

అంతలో ఫోను మోగింది. మక్బూల్. "పెదనాన్నోళ్లు మధ్యాన్నం తినే పోతారంట. సెలవు చెప్పేసి రా, చానా పనుంది."

పిల్లలందరూ ఆమెనే చూస్తున్నారు. షంషాద్ వెళ్లి ఆఖరి బెంచీలో ఫాయిజా పక్కన కూర్చుంది, పాఠం కానివ్వమని బిందుకు చెయ్యూపింది.

"నేను రాను," అంది ఫోనులో, తరగతంతా వినేట్టు. "ఇవాళ వంట మీ వంతు."