టీకా మచ్చ లేని చేయి

కామారెడ్డిలోని మా కంటి ఆసుపత్రిలో పేర్లు రాసే బల్ల నాది. పోయిన ఏడాది మాచారెడ్డి నుంచి వచ్చిన ఒక పెద్దాయన తమ్ముడి ఆరోగ్య కార్డు మీద ఉచితంగా ఆపరేషన్ చేయించుకుని పోయాడు. మాట పడింది నేను. "కండ్లు మూసుకొని రాస్తున్నవా గంగమణీ? ఇంకోసారి గిట్లయితే ఇంట్ల కూసుంటవ్" అని మేనేజర్ పది మంది ముందు అన్నాడు. ఆ రోజు నుంచి నా బల్ల ముందు ఎవరు నిలబడ్డా ముందు దొంగే, తర్వాతే రోగి.

ఎల్లారెడ్డి నుంచి ఆ ఇద్దరూ ఒక సోమవారం పొద్దున వచ్చారు. కార్డులో పేరు సలోమి, వయసు ముప్పై మూడు. బల్ల ముందు నిలబడిన మనిషికి జుట్టంతా తెల్లబడింది, బుగ్గలు లోపలికి పోయాయి, చేతులు పుల్లల్లా ఉన్నాయి. రెండు కళ్లలోనూ శుక్లాలు. గొంతు సన్నగా, కీచుగా ఉంది. పక్కన నల్లటి జడతో, దిట్టంగా ఇంకొకామె.

"కార్డు ఎవరిదవ్వా?" అన్నాను.

"నాదే మేడం."

"మరి ఈమె?"

"మా అమ్మ, సాలవ్వ."

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. తల్లి జుట్టేమో నలుపు, బిడ్డ జుట్టేమో తెలుపు. ఎదుటివాళ్ల చెవిలో పువ్వు పెట్టాలన్నా కొంచెం తెలివుండాలి.

"బిడ్డ కార్డు మీద తల్లికి ఆపరేషన్ చేపిద్దామనా? ఎవరికి చెప్తున్నరీ కాకమ్మ కతలు?"

"ఒట్టు మేడం, నా కడుపున పుట్టిన బిడ్డ" అంది నల్లజడ ఆమె. "ఇరవై దాటంగనే ఎంటికలు తెల్లవడ్డయి. ఎందుకో ఎవ్వలు చెప్తలేరు."

"బట్టలు కుట్టి బతుకుతున్న మేడం" అంది సలోమి. "రెండు నెలల సంది సూదిల దారం ఎక్కుత లేదు. మిషిన్ ఆగితే మా ఇంట్ల పొయ్యి మండది."

వేలిముద్ర యంత్రం మీద వేలు పెట్టించాను. మూడుసార్లూ ఎర్ర లైటే వచ్చింది. ఇంకేం కావాలి? పదో తరగతి మెమో తెమ్మని కసిరి వెళ్లగొట్టాను.

మూడు వారాల తర్వాత మెమో పట్టుకుని మళ్లీ వచ్చారు. ఈసారి సలోమి ఎడమ మడమకు గుడ్డ కట్టి ఉంది.

"నువ్వు ఎల్లగొట్టిన నాడే, మా ఊర్ల బస్సు దిగంగ మెట్టు కనవడక పడ్డది" అంది సాలవ్వ. "గప్పటిసంది పుండు మానుత లేదు."

జాలి కోసం కట్టిన గుడ్డే అనుకున్నాను. మెమోలో పుట్టిన తేదీ సరిగ్గానే ఉంది. అయితే ఏంటి? బిడ్డ కార్డు తెచ్చినవాళ్లకు బిడ్డ మెమో తేవడం ఎంతసేపు? కాగితాన్ని నమ్మే రోజులు నాకు పోయాయి. పుట్టిన తేదీ తెలియని ముసలివాళ్లు వస్తే మేం చేయి చూస్తాం. మశూచి ఉన్న కాలంలో పుట్టినవాళ్ల చేతి మీద టీకా పొడిచిన మచ్చలు రెండు, రూపాయి బిళ్లలంత, చచ్చేదాకా ఉంటాయి. ఆ రోగం పోయాక పుట్టినవాళ్లకు భుజం మీద చిన్న చుక్క ఉంటే ఉంటుంది, అంతే. జుట్టుకు రంగేయొచ్చు గానీ టీకా మచ్చను చెరిపేదెవరు?

"చెయ్యి జూపు" అంటూ సలోమి రవిక చేతిని నేనే పైకి తోశాను. ఇప్పుడు దొరికావులే అనుకున్నాను. చర్మం బిగుసుకుపోయి మెరుస్తోంది. భుజం మీద ఒక చిన్న చుక్క. రెండో చేయి చూస్తే అదీ లేదు. సాలవ్వ చేయి లాగి చూశాను. రెండు మచ్చలు, పక్కపక్కనే.

ఆ నల్లజడ తల్లిదే, ఈ తెల్లజుట్టు బిడ్డదే. సిగ్గుతో చచ్చిపోయాను. నేనే సలోమి చేయి పట్టుకుని డాక్టర్ ఖైసర్ గారి గదిలోకి నడిపించాను.

ఆయన కళ్లు చూశారు, వేళ్లు చూశారు, గుడ్డ విప్పి మడమ చూశారు.

"మీది మేనరికమా సాలవ్వా?"

"మా మేనమామనే చేసుకున్న సారూ."

"వెర్నర్ సిండ్రోమ్ అని నా అనుమానం. హైదరాబాద్‌ల జీన్ పరీక్ష చేస్తేనే ఖాయమైతది. మన ఒంట్లె ప్రతి కణంల డీఎన్‌ఏ అని సన్నటి దారం ఉంటది. అది చిక్కు పడితే విప్పనీకి, తెగితే అతకనీకి ఒక ప్రొటీన్ పనిచేస్తది. తల్లి నుంచి వచ్చిన జీనూ, తండ్రి నుంచి వచ్చిన జీనూ రెండూ చెడితే ఆ ప్రొటీన్ తయారు కాదు. కణాలు తొందరగా ముసలివైతయి, కొత్తవి పుట్టుడు తగ్గుతది. ఎంటికలు తెల్లవడ్డా, వేళ్ల తోలు బిగిసి గీతలు చెరిగినా, పుండు మానకున్నా అందుకే."

"కండ్ల ఆపరేషన్ ఎప్పుడు సార్?" అని అడిగింది సలోమి. ఆమెకు కావలసింది అదొక్కటే.

"పుండుకు చీము పట్టింది. అది మానేదాకా కన్ను ముట్ట. ముడితే ఉన్న చూపు గూడ పోవచ్చు. పుండు కాకముందు వస్తే చేసేటోణ్ణి. ఇప్పుడు నెలలు పడ్తది. మానకపోవచ్చు గూడ." కాగితం మీద రాస్తూ ఆయన తలెత్తారు. "పుండు ఎట్లయింది?"

సాలవ్వ నా వైపు చూసి నోరు తెరిచింది. సలోమి తడుముకుంటూ తల్లి చేయి అందుకుని గట్టిగా పట్టుకుంది.

"ఇంట్ల మిషిన్ తగిలింది సార్. ఎప్పుడో యాది లేదు."

నేను ఆమె దగ్గర ఇన్నాళ్లూ వెతికిన అబద్ధం అదే. ఆమె ఆడింది నా ఉద్యోగం పోకూడదని. డాక్టర్ గారు 'మిషన్ తగిలి' అని రాసుకున్నారు. నేను దిద్దలేదు.